26 వారాల ప్రసూతి సెలవు వల్ల ఆడవాళ్ళకి ఉద్యోగాలు దొరకట్లేదా?

కూకట్‌పల్లి_పద్మ:
నేను చిన్న కంపెనీలో హెచ్ఆర్, ముప్పై మంది దాకా ఉంటాం. 2017లో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకి పెంచినప్పుడు చాలా సంతోషించాం. ఇప్పుడేమో కొత్తగా పెళ్ళైన అమ్మాయి రెజ్యూమే వస్తే మా మేనేజర్ పక్కన పెట్టేస్తున్నాడు, కారణం ఎక్కడా రాయడు. సెలవు తగ్గిస్తే మనకి మేలా? మీరేమంటారు?

బెజవాడ_ప్రెస్:
పద్మ గారూ, నాది ప్రింటింగ్ ప్రెస్సండి. డిజైన్ చేసే అమ్మాయికి ముప్పై వేలు జీతం, సెలవు మీద వెళ్తే ఆర్నెల్లు ఆ డబ్బు నేనే ఇవ్వాలి, ఆ సీట్లో ఇంకొకళ్ళని పెట్టుకుంటే వాళ్ళకీ ఇవ్వాలి. ఇవ్వకూడదని కాదు, మా చెల్లెలూ ఉద్యోగస్తురాలే. కానీ వేల మంది పనిచేసే కంపెనీకీ నాకూ ఒకే రూలు అంటే ఎట్లా? 12 వారాలే ఉంచాల్సింది.

స్రవంతి_వైజాగ్:
12 వారాలప్పుడు మాత్రం తీసుకున్నారా అండి? 2017కి ముందే నన్ను ఇంటర్వ్యూలో పెళ్ళైందా, పిల్లల సంగతేంటి అని అడిగారు, నాతో పాటు వచ్చిన అబ్బాయిని ఎవరూ అడగలేదు. ఆరు నెలలు తల్లిపాలే పట్టమని డాక్టర్లంటారు, మూడో నెలకే డ్యూటీకి రమ్మంటే ఆ పాపని ఎవరు చూస్తారు? ఆఫీసులో పిల్లల్ని చూసుకునే క్రెష్ పెట్టాలనే రూలు 50 మంది, ఆ పైన ఉన్న చోటే, మిగతా వాళ్ళకి అదీ లేదు.

సుబ్బారావు_పీఎఫ్_ఈఎస్ఐ:
ఇక్కడ అందరూ ఎన్ని వారాలు అనేదాని మీదే కొట్టుకుంటున్నారు, అసలు గొడవ ఆ జీతం ఎవరు కట్టాలన్నది. నేను కంపెనీలకి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, లెక్కలు చూస్తాను కాబట్టి చెప్తున్నా. జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐలో ఉన్న అమ్మాయికి ఆ 26 వారాల డబ్బు ఈఎస్ఐ కార్పొరేషనే ఇస్తుంది, ఓనరు చేతి నుంచి పోదు. ఓనరు కట్టేది జీతంలో 3.25 శాతం, ఉద్యోగి 0.75, మగైనా ఆడైనా అంతే, కాబట్టి ఆడమనిషిని తీసుకున్నందుకు పైసా ఎక్కువ పడదు. 21,000 దాటిందా, మొత్తం భారం ఒక్క ఓనరు మీదే పడుతుంది, ప్రెస్ గారి బాధ అక్కడే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒప్పందం కూడా ఈ ఖర్చు సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధి నుంచో రావాలి, యజమాని ఒక్కడి మీద వెయ్యొద్దు అనే చెప్తుంది, మన దేశం దాన్ని ఆమోదించలేదు. కొత్త సామాజిక భద్రతా కోడ్‌లోనూ 26 వారాలు ఉంచారు గానీ ఈ భారం సంగతి ముట్టుకోలేదు. సెలవు తగ్గించమని అడక్కండి, ఆ డబ్బు ఉమ్మడి నిధి నుంచి ఇమ్మని అడగండి.

కరీంనగర్_రాజు:
సుబ్బారావన్న చెప్పింది కరెక్టే, కానీ ఇంకోటి ఉంది. సెంట్రల్ గవర్నమెంటుల తండ్రికి 15 రోజుల సెలవుంది, ప్రైవేటుల చట్టం ప్రకారం ఒక్క రోజు లేదు. బిడ్డ పుట్టినంక ఇంట్ల ఉండేది ఆడమనిషే అని చట్టమే చెప్తున్నట్టు లేదా? మాకు గూడ ఓ రెండు నెలలిచ్చి తప్పకుండ తీసుకోవాలె అంటే అప్పుడు మేనేజరు ఎవరి రెజ్యూమే పక్కన పెడ్తడు?

గుంటూరు_లక్ష్మి:
మీరంతా జీతం స్లిప్పు ఉన్నవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. మా వైపు మిర్చికి తొడిమలు తీసే ఆడవాళ్ళది రోజు కూలీ, వెళ్తే డబ్బులు లేకపోతే లేదు. వాళ్ళకి మాతృ వందన పథకంలో మొదటి కాన్పుకి వచ్చేది 5,000, దాంతో ఎన్ని వారాలు ఇంట్లో కూర్చుంటారు? సుబ్బారావు గారూ, మీరు చెప్పే ఆ నిధిలో వీళ్ళు ఉంటారా ఉండరా?

బెజవాడ_ప్రెస్:
సుబ్బారావు గారూ, నిధి పెట్టి నెలనెలా కొంత కట్టమంటే కడతానండి, ఒక్కసారిగా ఆర్నెల్ల జీతం పడే కన్నా అదే నయం. కానీ ఆ ఆర్నెల్లు పని తెలిసిన మనిషి దొరకొద్దూ, దానికేం చేస్తారు?

సుబ్బారావు_పీఎఫ్_ఈఎస్ఐ:
లక్ష్మి గారూ, ఉండాల్సిందేనండి. వాళ్ళ వాటా ప్రభుత్వం కట్టాలి, కూలీ దగ్గర కోస్తే నేనే ఒప్పుకోను. ప్రెస్ గారూ, కాన్పు ఎప్పుడో ముందే తెలుస్తుంది కదా, ఆ అమ్మాయి ఉండగానే ఇంకొకళ్ళకి పని నేర్పించుకోవచ్చు. ఆ నేర్పించే నెలల జీతంలో కొంత కూడా నిధే ఇవ్వాలంటాను, దీనికి మీరు ఒప్పుకుంటారా?