ఎడమ కిడ్నీ వెనక 18 సెం.మీ. కొవ్వు గడ్డ: ముందు సూదా, నేరుగా కత్తా?

పెరంబూర్ సర్జన్:
నెల్లూరు నుంచి చెన్నై వచ్చిన పేషెంట్, 56 ఏళ్లు. సీటీలో ఎడమ కిడ్నీని ముందుకు నెట్టేసిన 18 సెం.మీ. గడ్డ. చాలావరకు కొవ్వే, మధ్యలో 4 సెం.మీ. గట్టి ముద్ద. లైపోసార్కోమా (కొవ్వు కణాల క్యాన్సర్) అని అనుమానం. సూది గుచ్చితే పాకుతుందని ఇంట్లోవాళ్లు బయాప్సీకి ఒప్పుకోవట్లేదు. నేరుగా కోసేయొచ్చా? కిడ్నీని మిగల్చగలమా?

ఆంకో అడయార్:
బయాప్సీ లేకుండా వద్దు సార్. వెనకవైపు నుంచి, పెరిటోనియం (పేగుల చుట్టూ ఉండే పొర) దాటకుండా, కోయాక్సియల్ తొడుగులోంచి (సూదికి బయట ఉండే గొట్టం) 16 గేజ్ కోర్ నీడిల్‌తో (కండ ముక్కే తీసే లావు సూది) నాలుగైదు ముక్కలు తీస్తే సూది దారిలో కణాలు పడటం చాలా అరుదు. ఇంట్లోవాళ్లకి ఆ మాటే చెప్పండి. ఎఫ్‌ఎన్‌ఏసీతో (సన్న సూదితో కణాలు మాత్రమే లాగే పరీక్ష) సరిపెట్టొద్దు. ముక్క ఆ గట్టి ముద్దలోంచే రావాలి. పక్క కొవ్వులోంచి వస్తే రిపోర్టు 'వెల్ డిఫరెన్షియేటెడ్' (నెమ్మది రకం) అని వచ్చేస్తుంది, ముదురు భాగం తప్పిపోతుంది. ఛాతీ సీటీ కూడా తీయించండి.

కిడ్నీ కార్టెక్స్‌లో (పై పొరలో) గంటు, లోపల లావుపాటి రక్తనాళాలు కనిపిస్తే ఆంజియోమయోలైపోమా (కిడ్నీలోంచే పుట్టే, సాధారణంగా క్యాన్సర్ కాని కొవ్వు గడ్డ) కావచ్చు, రేడియాలజిస్టును అడగండి. అసలు కొవ్వే లేని గడ్డ అయితే సూదికి ముందు ప్లాస్మా మెటానెఫ్రిన్లు (అడ్రినలిన్ జాతి హార్మోన్ల జాడ తెలిపే రక్తపరీక్ష) చూడండి. పారాగాంగ్లియోమాని (ఆ హార్మోన్లు వదిలే గడ్డ) తెలియక గుచ్చితే బీపీ ఆకాశానికంటుతుంది.

స్లైడ్ అక్క:
ఎండీఎం2 ఫిష్ (లైపోసార్కోమాలో ఎక్కువయ్యే ఎండీఎం2 జీన్‌ని పట్టే పరీక్ష) తప్పక అడగండి. ఆ చోట ఇంత పెద్ద కొవ్వు గడ్డని అది చూడకుండా లైపోమా (మామూలు కొవ్వు గడ్డ) అని రాసేవాళ్లని ఏమనాలో! ముక్క ఎక్కడిదో ఫారం మీద రాయండి, సీటీ రిపోర్టు జత చేయండి. ఒట్టి 'కడుపులో గడ్డ' అని పంపితే పాథాలజీలో మేమేం చెప్తాం?

పెరంబూర్ సర్జన్:
థాంక్స్ అక్కా. మరి కిడ్నీ, రేడియేషన్ సంగతి?

ఆంకో అడయార్:
ముందు డీటీపీఏ స్కాన్‌లో (ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో చూపేది) కుడి కిడ్నీ ఒక్కటే నెట్టుకురాగలదా చూడండి. రాగలిగితే గడ్డ, ఎడమ కిడ్నీ, డిసెండింగ్ కోలన్ (పెద్ద పేగులో ఎడమ భాగం) అన్నీ ఒకే ముద్దగా తీయడమే మేలు. కిడ్నీలోకి పాకకపోవచ్చు, కానీ చుట్టూ ఏది మామూలు కొవ్వో, ఏది గడ్డో చేతికి తెలీదు. మళ్లీ వచ్చేది అక్కడే. ముక్కలుగా తీసినా, లోపల చిట్లినా కడుపంతా చల్లినట్టే. పెద్ద పేగు తీయాల్సి రావచ్చని కన్సెంట్‌లో ముందే రాయించండి.

రేడియేషన్ అంటారా, 2020లో వచ్చిన స్ట్రాస్ ట్రయల్‌లో 266 మందిలో సగం మందికి ఆపరేషన్ ముందు 28 డోసుల్లో 50.4 గ్రే (రేడియేషన్ కొలత) ఇచ్చారు. మొత్తమ్మీద లాభం తేలలేదు, లైపోసార్కోమాలో మాత్రం కొంత ఆశ కనిపించింది. ఆపరేషన్ తర్వాతైతే వద్దు, ఖాళీ అయిన చోటికి పేగులు జారి దెబ్బతింటాయి. రోజూ ఈ కేసులు చేయని చోట మొదటి ఆపరేషన్ పెట్టుకోకండి సార్, క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉన్న ఊళ్లోనే ఉన్నాం కదా.