ఎల్ఎఫ్ఏ పేరు కరెంటు కారుకా? నాలుగేళ్లు ఎదురుచూసింది ఇందుకేనా?

గేరుబండి

2025 డిసెంబర్ 5న టొయోటా తన కొత్త స్పోర్ట్స్ కార్ల మీద ఎట్టకేలకు తెర తీసింది. నేను ఎగిరి గంతేయాలి. వెయ్యలేదు. ఎందుకో చెప్తాను, తప్పయితే తిట్టండి.

సంగతి తెలియనివాళ్ల కోసం కాస్త వెనక్కి. 2022 జనవరిలో టోక్యో ఆటో సలోన్‌లో జీఆర్ జీటీ3 అని ఒక రేసు కారు నమూనా పెట్టారు. పొడుగు ముక్కు, వెనక్కి జరిగిన క్యాబిన్. ఆ రకం రేసు కారు ఉందంటే దానికి రోడ్డు మీద తిరిగే తోబుట్టువు ఒకటి ఉండి తీరుతుందని అప్పుడే అందరికీ అర్థమైంది. తర్వాత జర్మనీలో నూర్‌బుర్గ్‌రింగ్ అనే రేసు ట్రాక్ దగ్గర ఒళ్లంతా మభ్యపెట్టే స్టిక్కర్లు అంటించుకున్న కారు వీడియోలు వచ్చాయి. శబ్దం విని వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజిన్ అని తేల్చేశాం. ‘ఎల్ఎఫ్ఆర్’ అని ట్రేడ్‌మార్క్‌కి దరఖాస్తు పెట్టారన్న వార్త కూడా తోడైంది. ఇంకేముంది, టొయోటా వాళ్ల ఖరీదైన బ్రాండు లెక్సస్ చేసి, 2012లో ఆపేసిన సూపర్ కారు ఎల్ఎఫ్ఏకి వారసుడు ఇదేనన్నాం. బిడ్డ పుట్టకముందే బారసాల చేసి, అన్నప్రాశన దాకా వెళ్లిపోయాం.

తీరా చూస్తే ఆ వీ8 కారు లెక్సస్ కానే కాదు, టొయోటా జీఆర్ జీటీ అట. ఎల్ఎఫ్ఆర్ అన్న పేరు ఎక్కడా లేదు. పక్కనే ఇంకో కారు నిలబెట్టి, దానికి ఎల్ఎఫ్ఏ కాన్సెప్ట్ అని పేరు పెట్టారు. అది పూర్తిగా బ్యాటరీ కారు.

ఎల్ఎఫ్ఏ అంటే ఏమిటండీ? 4.8 లీటర్ల వీ10 (పది సిలిండర్ల) ఇంజిన్, నిమిషానికి 9,000 చుట్లు, 560 హార్స్‌పవర్, లోకం మొత్తానికి 500 కార్లు. ఐడిల్ నుంచి 9,000కి 0.6 సెకన్లలో ఎక్కేది. మామూలు ముల్లు ఆ ఊపు అందుకోలేదని మీటరునే తెర మీదికి మార్చారు. ఇంజిన్‌ని యమహాతో కలిసి చేశారు. పియానోలు, గిటార్లు చేసే కంపెనీ కదా, వీణకి శ్రుతి చేసినట్టు దాని గొంతుకి శ్రుతి చేశారు. ఆ పేరు తీసుకెళ్లి గొంతే లేని కారుకి పెడతారా? నా ప్రశ్న అంతే.

చేతక్_వాడు

అన్నా, మనకిది కొత్తా? 2020 జనవరిలో చేతక్ పేరుని కరెంటు స్కూటరుకి పెట్టలేదూ? మా నాన్నగారి పాత చేతక్‌ని ఒక పక్కకి వంచి కిక్ కొట్టడం మా ఇంట్లో పొద్దుటి పూజలాంటిది. కొత్త చేతక్‌కి వంచేదీ లేదు, కిక్కూ లేదు. అయినా ఈ మధ్య మా నాన్నే వెళ్లి బుక్ చేసొచ్చాడు. పేరు పెట్టిన కంపెనీకి లేని బాధ మనకెందుకు?

గేరుబండి

చేతక్ అంటే శబ్దం కాదు తమ్ముడూ. ముందు నిలబడ్డ పిల్లాడు, మధ్యలో నాన్న, వెనక ఒక పక్కకి కూర్చున్న అమ్మ, ఆవిడ ఒళ్లో చెల్లి. ఆ పని బ్యాటరీ కూడా చేస్తుంది. ఎల్ఎఫ్ఏ చేసిన పని వేరు. యూట్యూబ్‌లో దాని వీడియో కళ్లు మూసుకుని చూసేవాళ్లున్నారు.

సైలెన్సర్

కళ్లు మూసుకుని ‘చూడ్డం’ ఏంటండీ :)

నగోయా_నాని

నేను ఉండేది నగోయాలో. ఎల్ఎఫ్ఏలని చేత్తో కూర్చిన మోటొమాచి ప్లాంటు టొయోటా సిటీలోనే, ఇక్కడికి దగ్గర. నేను టొయోటాలో పనిచేయడం లేదు, ముందే చెప్తున్నా, లోపలి కబుర్లు అడక్కండి.

రెండు మాటలు. మొదటిది, పుకార్లు మనమే పుట్టించామని గేరుబండి గారు సిగ్గుపడక్కర్లేదు. పొగ పెట్టింది వాళ్లే. జులైలో ఇంగ్లండ్‌లో గుడ్‌వుడ్ కార్ల పండగలో ఆ వీ8 కారుని స్టిక్కర్లతోనే కొండ దారిలో పరుగెత్తించారు, పేరు చెప్పలేదు. ఆగస్టులో అమెరికాలో మాంటెరే కార్ల వేడుకలో ‘లెక్సస్ స్పోర్ట్ కాన్సెప్ట్’ అని ఒకటి పెట్టారు, లోపల ఏముందో చెప్పలేదు. ఆ కారే ఇప్పుడు ఎల్ఎఫ్ఏ కాన్సెప్ట్. పేరు చెప్పకుండా ఊరంతా ఊరేగిస్తే జనం ఏదో ఒక పేరు పెట్టుకోరా?

రెండోది ముఖ్యం. ఈ కార్ల గురించి చెప్పేటప్పుడు వాళ్లు ‘షికినెన్ సెంగూ’ అనే మాట వాడుతున్నారు. ఇక్కడి నుంచి రైలెక్కితే గంటన్నరలో ఇసే అనే ఊరు వస్తుంది. అక్కడి పెద్ద గుడిని 20 ఏళ్లకోసారి పక్క స్థలంలో మళ్లీ కొత్తగా కడతారు. 2013లో కట్టారు, మళ్లీ 2033లో. పాత గుడి పాడైపోయిందని కాదు. కట్టే చెయ్యి మర్చిపోకూడదని. ముసలి వడ్రంగి బతికుండగానే కుర్ర వడ్రంగికి పని రావాలి. 1967లో టొయోటా 2000జీటీ స్పోర్ట్స్ కారు, 2010లో ఎల్ఎఫ్ఏ, ఇప్పుడివి. ఎల్ఎఫ్ఏ అన్న పేరు పెట్రోలు ఇంజిన్‌కి రాసిచ్చింది కాదు, ఆ కాలపు ఇంజనీర్లు తర్వాతి తరానికి అందించాల్సిన పనితనానికి గుర్తు అన్నది వాళ్ల వాదన. నాకు సబబుగానే ఉంది.

శ్రీకాకుళం_స్టీరింగ్

నాని గారూ, మీ ఇసే గుడి కథ విన్నాక నాకు పూరీ గుర్తొచ్చింది. మా వైపు పూరీ వెళ్లని ఇల్లు తక్కువ. 2015లో నవకళేబరం జరిగినప్పుడు మా వీధి సగం అక్కడే ఉంది.

తెలియనివాళ్లకి: జగన్నాథుడి విగ్రహాలు కర్రవి. కొన్నేళ్లకోసారి, అధిక ఆషాఢం వచ్చిన ఏడు, కొత్త వేపచెట్టు వెతికి కొత్త విగ్రహాలు చెక్కుతారు. పాతవాటిని గుడి ఆవరణలోనే పూడ్చేస్తారు. కర్ర మారుతుంది, కానీ పాత విగ్రహం లోపలున్న బ్రహ్మపదార్థాన్ని తీసి కొత్త విగ్రహంలో పెడతారు. అర్ధరాత్రి, ఊరంతా దీపాలార్పి. మార్చే దైతాపతి (గుడి సేవకుడు) కళ్లకి గంతలు, చేతులకి గుడ్డలు. అది ఏమిటో మార్చేవాడికే తెలియదు.

కాబట్టి కర్ర మార్చారా అని కాదు, బ్రహ్మపదార్థం మారిందా అని అడగాలి. ఎల్ఎఫ్ఏలో అది ఏది? కొత్తదాని అల్యూమినియం ఫ్రేము అందామంటే పాత ఎల్ఎఫ్ఏది కార్బన్ ఫైబర్. సగం దారిలో అల్యూమినియం వదిలేసి కార్బన్‌కి మారారు, దాన్ని నేయడానికి మగ్గమే పెట్టుకున్నారు. ఇప్పుడు మళ్లీ అల్యూమినియానికి వచ్చారు. ఇంజిన్ లేదు, కార్బన్ ఒళ్లూ లేదు. మరి లోపల పెట్టిందేమిటి? పూరీలో అయితే అడక్కూడదు. ఇక్కడ అడగొచ్చు అనుకుంటా.

గేరుబండి

దండం స్వామీ. నేను పేరా మీద పేరా రాసినా చెప్పలేనిది ఇదే. నా ఓటు శబ్దానికి.

లెక్కల_మాస్టారు

అందరూ ఏడుస్తున్నారు కాబట్టి పాత లెక్క ఒకటి తీస్తాను. 2010లో ఎల్ఎఫ్ఏ ధర 3,75,000 డాలర్లు. అప్పుడు ఇలాంటి చోట్లనే ఏమన్నారో గుర్తుందా? “లెక్సస్‌కి అంత డబ్బా, అదే డబ్బుకి ఫెరారీ వస్తుంది కదా” అన్నారు. తయారీ ఆగిన ఏళ్లకి కూడా అమెరికా షోరూముల్లో కొన్ని అమ్ముడుపోకుండా ఉండిపోయాయి. ఇప్పుడు వేలంలో దాని పాత ధరకి రెట్టింపు దాటింది. బతికున్నప్పుడు గంజి పోయనివాళ్లం, తద్దినానికి గారెలు వండుతున్నాం.

అలాగని కంపెనీని వెనకేసుకురావడం లేదు. బ్యాటరీ సూపర్ కారు కొనేవాడు ఎవడు? క్రొయేషియాలో నెవెరా అనే కరెంటు హైపర్ కారు చేసిన మాటె రిమాక్ స్వయంగా 2024లో చెప్పాడు: డబ్బున్నవాడికి కరెంటు కారు మీద మోజు తగ్గింది. ఆపిల్ వాచ్ స్విస్ వాచీ కన్నా వేయి పనులు చేస్తుంది, అయినా దానికి లక్షల డాలర్లు ఎవరూ ఇవ్వరన్నది ఆయన పోలిక. ఆయన చేతిలోనే ఉన్న బుగాటీ కంపెనీ కొత్త కారుకి అదే ఏడాది ఏం పెట్టాడు? వీ16 పెట్రోలు ఇంజిన్. పక్కన మోటార్లున్నాయనుకోండి, అయినా 16 సిలిండర్లు! లెక్సస్ ఎదురుగాలికి పోతోంది.

చేతక్_వాడు

మాస్టారూ, ఎదురుగాలికి పోవడమే కదా మొదటి ఎల్ఎఫ్ఏ చేసింది కూడా?

లెక్కల_మాస్టారు

అబ్బో. మార్కులు వేశాను, కూర్చో.

సైలెన్సర్

అసలు కారు గురించి ఎవరూ మాట్లాడరేం? జీఆర్ జీటీ: 4.0 లీటర్ల వీ8, రెండు టర్బోలు, వెనక గేర్‌బాక్స్‌లో ఒక మోటార్. లక్ష్యం కనీసం 650 హార్స్‌పవర్, 320 కి.మీ.కి పైన వేగం, బరువు 1,750 కిలోల లోపు. 2027 ప్రాంతంలో అమ్మకం. ధర చెప్పలేదు. బ్యాడ్జి ఏదైతేనేం, మీరు ఇన్నాళ్లూ విన్న శబ్దం ఇదే, ఇది వస్తోంది! పెళ్లికొడుకు వచ్చాక శుభలేఖలో పేరు తప్పు పడిందని పెళ్లి ఆపుతారా?

గేరుబండి

పేరు తప్పు పడలేదు బ్రో, ఆ పేరుతో ఇంకో పెళ్లికొడుకుని పక్కన కూర్చోబెట్టారు!

నగోయా_నాని

రాయాలా వద్దా అనుకున్నాను, రాస్తాను. బ్రహ్మపదార్థం అన్నారు కాబట్టి.

హిరోము నరుసే అని టొయోటాలో టెస్ట్ డ్రైవర్ల పెద్ద ఉండేవారు. మెకానిక్‌గా మొదలైన మనిషి. ఇప్పటి చైర్మన్ అకియో టొయోడాకి డ్రైవింగ్ నేర్పింది ఆయనే. ఇద్దరూ నూర్‌బుర్గ్‌రింగ్‌లో పాత సుప్రా వేసుకుని తిరుగుతుంటే, వేరే కంపెనీలవాళ్లు ఇంకా మార్కెట్లోకి రాని కార్లతో పక్కనుంచి దూసుకుపోయేవాళ్లట. “మీ టొయోటాకి ఇలాంటి కారు చేతకాదులే” అని ఆ కార్లు తనతో అంటున్నట్టు ఉండేదని అకియో చాలాసార్లు చెప్పుకున్నారు. ఎల్ఎఫ్ఏని పదును పెట్టింది నరుసేనే. 2010 జూన్ 23న, నూర్‌బుర్గ్‌రింగ్ పక్క రోడ్డు మీద, ఎల్ఎఫ్ఏ నడుపుతూనే ప్రమాదంలో పోయారు. అమ్మకానికి మొదటి కారు తయారవడానికి ఆరు నెలల ముందు.

నాకు ఆ పేరులో వినిపించేది వీ10 కాదు. కానీ గేరుబండి గారికి అది వినిపిస్తే తప్పనను.

శ్రీకాకుళం_స్టీరింగ్

ఆ లెక్కన నరుసే చేతి పని ఏ కారులోకి వెళ్లింది? జీఆర్ జీటీని మళ్లీ అదే నూర్‌బుర్గ్‌రింగ్‌లో తిప్పి తిప్పి చేశారు, అకియో దగ్గరుండి నడిపారు. ఎల్ఎఫ్ఏ కాన్సెప్ట్ ఇంకా బొమ్మే, ఎప్పుడొస్తుందో తేదీ లేదు. నన్నడిగితే పదార్థం ఒక విగ్రహంలో పెట్టి, పేరు ఇంకో విగ్రహానికి రాశారు.

గేరుబండి

ఇది ఒప్పుకుంటాను. కోపం తగ్గలేదు, చోటు మారింది. ఇప్పుడు నా కోపం పేరు పోయిందని కాదు, జీఆర్ జీటీకి దక్కాల్సింది దక్కలేదని. 2027 దాకా ఆ వీడియోలే చూసుకుంటా.

సైలెన్సర్

అన్నట్టు, ఎల్ఎఫ్ఏ కాన్సెప్ట్ అమ్మకానికి వచ్చేసరికి స్పీకర్లలో పాత వీ10 శబ్దం పెడతారట. యాక్సిలరేటర్ తొక్కితే 9,000 దాకా వినిపిస్తుందట. మా బావ చెప్పాడు.

గేరుబండి

మీ బావ ఎక్కడ పనిచేస్తాడు?

సైలెన్సర్

విజయవాడ ఆటోనగర్. టైర్ల షాపు.