పక్క చేనులో మందు, మన పెట్టెలో ఈగలు: వేళ మార్చుకోవలసింది ఎవరు?

బీరపందిరి (పరకాల వైపు)
మాది రెండెకరాలు. ఇంటి వెనక బీర, సొర పందిళ్లు, గట్టు వెంట మునగ, కొట్టంలో రెండు బర్రెలు, కొన్ని మేకలు, నాటుకోళ్లు. వేపచెట్టు నీడన దేశీ తేనెటీగల పెట్టెలు నాలుగు. పాడి మా అత్తమ్మ చూసుకుంటుంది, పెట్టెలు నేను చూసుకుంటాను, మా ఆయన ట్రాక్టరు కిరాయికి వెళ్తారు. మా భూమికి మూడు వైపులా పత్తి.

పోయిన వారం పొద్దున ఎనిమిది గంటలకు పక్క చేనులో ఆకు రసం పీల్చే పచ్చదోమకు మందు కొట్టించారు. పత్తి మంచి పూత మీద ఉంది. మధ్యాహ్నానికి రెండు పెట్టెల ద్వారాల ముందు ఈగలు తొండాలు బయటికి చాచి కుప్పలుగా పడి ఉన్నాయి. నేను ఆ చేను ఆయనను అడిగింది పెద్ద కోరికేమీ కాదు. సాయంత్రం కొట్టించండి, వీలుకాకపోతే ముందు రాత్రి ఒక ఫోను చేయండి అన్నాను. "నా చేను, నా మందు. నీ ఈగలను నీ గట్టు దాటనివ్వకు" అన్నారు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన కూడా ఆయన మాటే న్యాయం అంటున్నారు! మీరేమంటారు?

రేగొండ కౌలుదారు
అక్కా, మీ ఆయన మాట నిజం. కోపం తెచ్చుకోకుండా వినండి. నేను నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నాను. కౌలు ముందే కట్టాలి. విత్తనం, ఎరువు, మందు అన్నీ దుకాణంలో అప్పు. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు కూడా డబ్బు పట్టాదారు ఖాతాలో పడింది, చెమట మాత్రం నాది. ఆకులు ముడుచుకుని ఎర్రబడుతుంటే రేపటి దాకా ఆగడం ఎంత కష్టమో ఆ పరిస్థితిలో ఉన్నవాడికే తెలుస్తుంది.

ఇక వేళ సంగతి. మందు కొట్టే మనిషి ట్యాంకుకు ఇంత అని మాట్లాడుకుని వస్తాడు. పొద్దున మొదలుపెడితే ఇద్దరు ముగ్గురి చేలు తిరుగుతాడు. సాయంత్రం రమ్మంటే ఒక్క చేనే అవుతుంది, అందుకని ఎక్కువ అడుగుతాడు. చీకటి పడ్డాక పత్తిలో పాముల భయం. మీ నాలుగు పెట్టెల్లో ఏడాదికి వచ్చే తేనె ఎంత? నా పంట ఎంత? పిల్లల ఫీజు ఇద్దరికీ ఉంది కదా.

కోతుల బాధితుడు
మా ఊళ్లో బీరపందిరి వేసే ధైర్యం ఎవరికీ లేదు. ముందు కోతులకు ఏ వేళ చెప్పాలో ఎవరైనా చెప్పండి, తర్వాత ఈగల సంగతి చూద్దాం.

చెల్క చదువు
నేను వ్యవసాయ డిగ్రీ చదివాను, ఇప్పుడు సొంత సేద్యం. ఇద్దరి మాటల్లోనూ సవరించవలసింది ఉంది.

బీరపందిరి గారూ, "నా ఈగల వల్ల మీ పత్తి బాగా కాస్తుంది" అని మాత్రం వాదించకండి. పత్తి ఎక్కువ మటుకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది. వరి అంతే. మొక్కజొన్నకు గాలి చాలు. మన దగ్గర ఎక్కువగా వేసేవి ఇవే, కాబట్టి ఆ వాదన నిలవదు. తేనెటీగ అవసరం తెలిసేది మీ పందిరి కింద. బీర, సొర, గుమ్మడి, పుచ్చల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఈగ తిరగకపోతే పిందె పసుపు పచ్చబడి రాలిపోతుంది. పొద్దుతిరుగుడుకూ, నువ్వులకూ లాభమే. అంటే నష్టపోతున్నది తేనె ఒక్కటే కాదు, మీ కూరగాయలు కూడా. లెక్క అక్కడ వేయండి.

కౌలుదారు తమ్ముడూ, "గట్టు దాటనివ్వకు" అనేది మాట కాదు. దేశీ ఈగ కిలోమీటరు దాకా మేతకు పోతుంది. మేకకు పలుపు వేసినట్టు దానికి వేయలేము. ఇంకో సంగతి, డబ్బా మీది రంగు త్రికోణం చూసి ఆకుపచ్చ కదా, పర్వాలేదు అనుకుంటారు చాలామంది. ఆ రంగు పాలిచ్చే జీవులకు, అంటే మనిషికీ పశువుకూ, ఎంత విషమో చెప్పడానికి పెట్టింది. ఈగల సంగతి లోపలి కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పూత మీద, ఈగలు తిరిగే వేళ కొట్టవద్దని చాలా మందుల కాగితాల్లోనే రాసి ఉంటుంది. దుకాణదారు ఆ కాగితం చదివి వినిపించడు, మనం విప్పి చూడం. పత్తి పువ్వు పొద్దున విచ్చుకుంటుంది, మర్నాటికి గులాబీ రంగుకు తిరిగి ముడుచుకుంటుంది. కాబట్టి ఈగలు ఆ చేనులో ఎక్కువగా ఉండేదీ పొద్దున్నే, మందు పడేదీ పొద్దున్నే. తగువంతా పొద్దుటి ఆ నాలుగు గంటల వ్యవధి దగ్గరే ఉంది.

ఏనుమాముల పాతకాపు
ఆ నాలుగు గంటలు సర్దుకుంటే తీరిపోతుందా? 1997-98లో ఈ వరంగల్ జిల్లాలో పత్తి రైతులు పురుగు మందు తాగి చనిపోయిన కాలం చూసినవాడిని. పురుగు చావలేదు, మనుషులు చచ్చారు. 2021లో మిరపకు నల్ల తామరపురుగు వచ్చినప్పుడు మళ్లీ అదే వరుస: ఒకటి పని చేయకపోతే రెండు కలిపి, రెండు పని చేయకపోతే మూడు. తోటలు ఎలాగూ పోయాయి.

జనగామ దగ్గర లింగాల ఘనపురం మండలంలో ఎనబావి అని చిన్న ఊరు ఉంది. ఊరంతా కూర్చుని మందులు, రసాయన ఎరువులు మానేస్తున్నామని 2006లో ప్రకటించుకున్నారు. అక్కడ వేళ మార్చుకొమ్మని ఒకరినొకరు బతిమాలుకునే పని లేదు. ఇద్దరి మధ్య తేలేది కాదమ్మా ఇది, ఊరు కూర్చోవాలి.

రేగొండ కౌలుదారు
కాపు గారూ, ఎనబావి గొప్ప ఊరే. కానీ ఏడాదికో భూమి మారే కౌలు రైతు ఏ ఊళ్లో కూర్చోవాలి? భూమిని మూడేళ్లు బాగుచేసుకుంటే నాలుగో ఏడు దొర ఇంకొకరికి ఇస్తాడు.

ములుగు దారి
ఒకటి ఎవరూ అనలేదు. పెట్టెలో ఉన్నవి కాబట్టి చచ్చినవి లెక్కకు వచ్చాయి. మర్రి మీద, నీళ్ల ట్యాంకు కింద పట్టు పెట్టే పెద్ద తేనెటీగలు కూడా అదే పత్తికి వస్తాయి. అవి పోతే ఎవరు ఫోను చేసి ఎవరిని అడగాలి? ఏటూరునాగారం అడవి తేనెను గిరిజన సహకార సంస్థ (జీసీసీ)కి అమ్ముకునే కోయ కుటుంబాలకు ఈ తగువులో కుర్చీ లేదు.

చెల్క చదువు
ఫోను వస్తే ఏం చేయాలో కూడా చెప్పి ఉంచుతాను. చీకటి పడి ఈగలన్నీ లోపలికి వచ్చాక ద్వారానికి సన్న జాలీ కొట్టండి. మీద తడి గోనెపట్టా, లోపల నీళ్లు, పంచదార పాకం. ఒక పూట తట్టుకుంటాయి. అలాగని వారానికోసారి మూస్తే దేశీ ఈగ ఊరుకోదు, పెట్టె వదిలి లేచిపోతుంది. పెట్టెలను నాలుగు అడుగులు అవతలికి జరిపితే సరిపోతుందనుకోవద్దు, తిరిగి పాత చోటికే వచ్చి పడతాయి. తరలిస్తే కొన్ని కిలోమీటర్ల దూరం తరలించాలి.

బీరపందిరి
అందరికీ కృతజ్ఞతలు. కౌలుదారు తమ్ముడూ, నువ్వు రాసింది మా ఆయనకు చదివి వినిపించాను, తెగ సంతోషించారు. ఇప్పుడు నా మాట విను.

మా ఇంట్లో తేనె అమ్ముకునేది కాదు. పండగకు రెండు సీసాలు చుట్టాలకు పోతాయి, మిగిలింది పిల్లల దగ్గుకు. నా లెక్క వేరే. పందిరి కాయ పరకాల అంగడికి పోతేనే వారం ఖర్చు వెళ్తుంది. అంతకంటే పెద్దది ఇంకోటి. ఆ రోజు మందు పడిన గట్టు మీది గడ్డినే మా అత్తమ్మ ఎప్పుడూ కోసుకొచ్చి బర్రెలకు వేస్తుంది. ఈగలు చావకపోయి ఉంటే ఆ సాయంత్రం కూడా కోసేదే. ఆ పాలు మా పిల్లలు తాగుతారు, నా చేను నా మందు అన్న ఆ పెద్దమనిషి ఇంటికీ పొద్దున లీటరు పోతాయి. కాబట్టి ఫోను అడగడం ఈగల కోసమే అనుకోవద్దు. ఎప్పుడు కొడుతున్నారో పక్కింటికి చెప్పడం బాధ్యతే అంటాను, అక్కడ తగ్గను.

సాయంత్రం కూలి తేడా సంగతి మాత్రం నువ్వు చెప్పింది సబబే. నా అవసరం కోసం ఆయన ఎక్కువ ఎందుకు ఇవ్వాలి? పూత ఉన్నన్నాళ్లు మా వైపు సాళ్లకు ట్యాంకు తేడా నేను ఇస్తాను.

రేగొండ కౌలుదారు
పాల మాట ఆయనతో చెప్పారా అక్కా? ఈగలు అంటే నవ్వే మనిషి పాలు అంటే ఆగుతాడు. తేడా డబ్బు కొట్టే మనిషికి మీరే నేరుగా ఇవ్వండి, ఆయన చేతిలో పెడితే పౌరుషానికి పోతాడు. నా చేను పక్కన పెట్టెలు ఎవరూ పెట్టలేదు కానీ, పెడితే ఫోను చేస్తాను. సాయంత్రానికి మాత్రం మాట ఇవ్వలేను.

బీరపందిరి
ఇంకా చెప్పలేదు. రేపు పాలు పోయడానికి మా అత్తమ్మకు బదులు నేను వెళ్తాను.