పద్మకం అంటే తామర కాదా?

ప్రశ్న:
చరకసంహితలో ఒంటికి మంచి రంగు తెచ్చే మందుల పట్టిక ఒకటుంది, వర్ణ్య గణం అని. చందనం, తుంగ, పద్మకం, వట్టివేరు, అతిమధురం, మంజిష్ఠ... ఇలా సాగుతుంది. దాన్ని మామూలు తెలుగులో రాస్తూ పద్మకం దగ్గర "తామర" అని పెట్టేశాను. చదివిపెట్టిన పెద్దాయన ఆ మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఊరుకున్నారు. రెండు రోజులుగా ఒకటే టెన్షన్. తామర కాకపోతే మరేమిటండీ?

జవాబు:
చెట్టండీ! ఆ మందుకే పద్మకాష్ఠం అని ఇంకో పేరు. తామరకు కాడ ఉంటుంది గాని కట్టె ఎక్కడిది? అదే గ్రంథంలో నొప్పి తగ్గించే వేదనాస్థాపన గణం చూడండి. సాల, కదంబ, శిరీష, అశోక వృక్షాల సరసన పద్మకం ఉంది. తామర కావలసిన చోట పద్మ, నలిన అని విడిగానే చెప్పారు.

ఇది హిమాలయాల అడవి చెర్రీ. హిమాచల్ నుంచి నేపాల్, మేఘాలయ మీదుగా మయన్మార్, థాయ్‌లాండ్, నైరుతి చైనా దాకా కొండల్లో పెరుగుతుంది, ఎక్కువగా 1,200 నుంచి 2,400 మీటర్ల ఎత్తున. శాస్త్రీయ నామం ప్రూనస్ సెరసాయిడిస్. 1825లో వృక్షశాస్త్రవేత్త డేవిడ్ డాన్ నేపాల్ మొక్కల మీద వేసిన పుస్తకంలో ఉందీ పేరు. సెరసాయిడిస్ అంటే "చెర్రీలాంటిది" అని. ఎంత చప్పటి పేరో! దీనికే ప్రూనస్ పడ్డమ్ అని మరో పేరుండేది, నాకదే ఇష్టం. పద్మకం కొండవాళ్ల నోట పదమ్ అయి, ఇంగ్లిషువాళ్ల చెవిలో పడ్డమ్ అయి, చివరికి లాటిన్ పేరులో కూర్చుంది. బెరడులో దొరికిన ఒక రసాయనాన్ని కూడా పద్మకాస్టీన్ అనే పిలిచారు.

మరొకరు:
అమరకోశంలో "పద్మకం బిందుజాలకమ్" అని ఉంది కదా, ఏనుగు ముఖం మీది చుక్కలు. ఈ చెట్టు బెరడు రాగిరంగులో నున్నగా మెరుస్తూ ఉంటుంది, దాని మీద అడ్డంగా చుక్కలూ గీతలూ. పేరు అక్కణ్నుంచే వచ్చిందేమో?

జవాబు:
ఊహ బాగుంది గాని ఒప్పుకోలేను. ఆయుర్వేద మందుల పేర్లూ గుణాలూ చెప్పే భావప్రకాశ నిఘంటువు దీనికి పద్మగంధి అని పర్యాయం ఇస్తోంది. అంటే వాళ్లకు తట్టింది వాసన. చుక్కల సంగతి ఏనుగుకే వదిలేద్దాం.

ఇంకొకరు:
ఉద్యోగరీత్యా కొన్నేళ్లు ఉత్తరాఖండ్ కొండల్లోని కుమావూఁలో ఉన్నాను. అక్కడ దీన్ని పయ్యా అంటారు, నేపాలీలు పైయూఁ అంటారు. చెర్రీలన్నీ వసంతంలో పూస్తే ఇది కార్తీకంలో పూస్తుంది! చుట్టూ అంతా ఎండిపోతుంటే ఇదొక్కటీ గులాబీరంగు కప్పుకుని నిలబడుతుంది. చలికి ముందు తేనెటీగలకు ఇదే పెద్ద ఆసరా. చెట్టును పవిత్రంగా చూస్తారు, పెళ్లిళ్లకూ పూజలకూ కొమ్మలూ ఆకులూ వాడతారు. కట్టె గట్టిది, కొమ్మలతో చేతికర్రలు చేసుకుంటారు. పండు చిన్నది, పుల్లన. గింజలోని పప్పు మాత్రం నమలకండి, చేదుగా ఉంటే అందులో సైనైడ్ విషం ఉన్నట్టే.

పెంచాలనుకుంటే, పండిన గింజను గుజ్జు కడిగి ఎండబెట్టకుండా వెంటనే నాటాలి. పెంకు గట్టిది కనుక మొలకకు నెలలు పట్టవచ్చు. నీరు నిలవని, కాస్త తేమ పట్టే నేల, మంచి ఎండ కావాలి. ఉత్తర థాయ్‌లాండ్‌లో పాడైన అడవిని తిరిగి పెంచడానికి నాటే చెట్లలో ఇదొకటి. తేనెకూ పండ్లకూ వచ్చే పక్షులు వేరే చెట్ల గింజలు తెచ్చి పడేస్తాయి, మిగతా అడవిని అవే నాటుకుంటాయన్నమాట.

ప్రశ్న వేసినవారు:
అందరికీ దండాలు. మరి "అడవి చెర్రీ" అని రాసేయనా?

జవాబు:
వద్దండీ. ఐరోపాలో అడవి చెర్రీ అంటే ప్రూనస్ ఏవియం, అది వేరే జాతి. పైగా మన బేకరీల్లో చెర్రీ అంటూ అమ్మేది చాలాసార్లు పాకం పట్టిన వాక్కాయ! మూలంలోని పద్మకాన్నే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు "హిమాలయాల్లో పెరిగే ఒక చెర్రీ చెట్టు" అని ఒక్క మాట చేర్చండి.

ప్రశ్న వేసినవారు:
అలాగే చేస్తాను. కానీ ఇప్పుడు పక్కనున్న "తుంగ" మీద కూడా అనుమానం మొదలైంది. నేను తుంగగడ్డి అని రాసేశాను.

జవాబు:
కొట్టేయండి. వ్యాఖ్యాత చక్రపాణి దాన్ని పున్నాగ అన్నాడు.