టీ కణాల మీద పోస్ట్‌డాక్: ఎలుకలతోనా, రోగుల రక్తంతోనా?

బరంపురం పిల్ల:
పీహెచ్‌డీ అయిపోవచ్చింది. ఆ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగానికి (పోస్ట్‌డాక్) రెండు ల్యాబులు రమ్మంటున్నాయి. ఒకచోట ఎలుకల థైమస్‌లో (రొమ్ము ఎముక వెనకుండే గ్రంథి) టీ కణాలు, అంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు, ఎలా తయారవుతాయో, సొంత ఒంటి మీద ఎగబడేవాటిని థైమస్ అక్కడే ఎలా ఏరేస్తుందో చూడాలి. రెండోచోట రుమటాయిడ్ కీళ్లవాతం (రోగనిరోధక శక్తి సొంత కీళ్ల మీదే ఎగబడే జబ్బు) ఉన్నవాళ్ల రక్తంలోని టీ కణాలు. అమ్మ మాత్రం "ఎలుకలేటే, మనుషులకి పనికొచ్చేది చూసుకో" అంటోంది. మీరేమంటారు?

పర్లాకిమిడి మాష్టారు:
2025 వైద్య నోబెల్ చూశావు కదమ్మా! బ్రంకో, రామ్స్‌డెల్, సకగుచి అనే శాస్త్రవేత్తలకి, రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీద ఎగబడకుండా ఏది ఆపుతుందో కనుక్కున్నందుకు. అదంతా ఎలుకల పుణ్యమే. 1949లో అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో చర్మం పొలుసులు కట్టి చచ్చిపోయే మగ ఎలుకలు పుట్టాయి. వాటిలో చెడింది ఫాక్స్‌పీ3 జన్యువని తేలేసరికి 2001. ఐపెక్స్ అనే, రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే ఎగబడే అరుదైన జబ్బుతో పుట్టిన మగపిల్లల్లోనూ చెడింది అదేనని ఆ ఏడాదే తెలిసింది. మిగతా టీ కణాలకి కళ్లెం వేసే కణాలను నడిపేది ఆ జన్యువే. ఎలుకలు లేకుండా దీని జాడ దొరికేదా?

కోరాపుట్ డాక్టరమ్మ:
మాష్టారూ, ఎయిర్ జన్యువు సంగతి దాటేశారేం? అది 1997లో దొరికింది, సొంత ఒంటి మీదే రోగనిరోధక శక్తి ఎగబడే ఓ అరుదైన జబ్బున్న రోగుల కుటుంబాల్లో. ఇన్సులిన్ లాంటి ఒంటి ప్రోటీన్లను థైమస్‌లోనే టీ కణాలకు చూపించడం దాని పనని ఎలుకలు చెప్పింది 2002లో, ఆ తర్వాత. ఇంకోటి. తమంతట తామే డయాబెటిస్ తెచ్చుకునే ఎన్ఓడీ రకం ఎలుకల్లో ఆ జబ్బుని ఆపిన చికిత్సలు వంద దాటాయి. మనుషుల్లో టైప్ 1 డయాబెటిస్‌ను (రోగనిరోధక శక్తి ఇన్సులిన్ చేసే కణాలను చంపేసే రకం) వాయిదా వేసే మందుగా అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది టెప్లిజుమాబ్‌కి. అదీ సుమారు రెండేళ్ల వాయిదాయే. నా ఓపీలో స్టెరాయిడ్ మానలేక ఉబ్బిపోయిన లూపస్ (ఇదీ సొంత ఒంటి మీద ఎగబడే జబ్బే) అమ్మాయికి ఎలుక బాగుందని చెప్పనా?

రాయగడ కుర్రోడు:
ముందు స్టైపెండెంతో, గైడ్ ఎలాటోడో కనుక్కోండి అక్కా. తర్వాత చూద్దాం ఎలుకో మనిషో.

పర్లాకిమిడి మాష్టారు:
డాక్టరమ్మా, లూపస్ పిల్ల బాధ కాదనను. కానీ థైమస్‌లో పుట్టే కణాల్లో నూటికి తొంభైకి పైగా అక్కడే చస్తాయి. రక్తంలో కనిపించేవి బయటపడ్డవే. పదో తరగతి పాసైనవాళ్లనే పిలిచి, మిగతావాళ్లు ఎందుకు తప్పారో తేల్చమంటే ఎలా?

కోరాపుట్ డాక్టరమ్మ:
ఆ ముక్క నిజమే. కానీ మనిషి థైమస్ అసలు దొరకదనుకోకండి. పసిపిల్లలకి గుండె ఆపరేషన్ చేసేటప్పుడు అడ్డొస్తుందని సర్జన్లు కొంత తీసేస్తారు. తల్లిదండ్రులు ఒప్పుకుంటే అది ల్యాబుకి వెళ్తుంది. అమ్మాయ్, రెండిట్లో ఎవరికి ఆ ఏర్పాటుందో అడుగు. ఎలుకల ల్యాబుకే ఉంటే నేనూ అటే అంటాను.

బరంపురం పిల్ల:
ఇద్దరికీ మెయిల్ పెట్టానక్కా. ఎలుకల ల్యాబు పక్కనే పిల్లల గుండె ఆసుపత్రి ఉందట, ముక్కలు వస్తాయట. రక్తం ల్యాబువాళ్లు ఇంకా పలకలేదు. స్టైపెండ్ కూడా అడిగాను తమ్ముడూ, దానికి మాత్రం ఇద్దరూ పలకలేదు.