తుంబురు తీర్థానికి నీళ్ల సంచీనా, బాటిళ్లా?

తిరుచానూరు కుర్రోడు: ఈ ఫాల్గుణ పౌర్ణమికి నలుగురం తిరుమల అడవిలో ఉండే తుంబురు తీర్థం పోదామనుకుంటున్నాం. పాపవినాశనం దాటాక అంతా బండలు, ఎండ. మావాడొకడు ఆన్‌లైన్‌లో నీళ్ల సంచి చూపించాడు. బ్యాగులో పెట్టుకుంటే పైపు భుజం మీదికి వస్తుంది, నడుస్తూనే పీల్చుకోవచ్చు. రెండు లీటర్లది, మూడు లీటర్లది ఉన్నాయి. వాడినవాళ్లు చెప్పండి. బాటిళ్లు చాలవా?

మెట్లదారి: వాడాను, మానేశాను. తలకోనలో పైకి ఎక్కుతూ గుక్క గుక్క తాగుతా పోయాను. సంచి బ్యాగులో, బ్యాగు వీపు మీద. ఎంత మిగిలిందో ఎవరికి తెలుసు? సగం దారిలో పైపు పీలిస్తే గుర్రుమని గాలి వచ్చింది. తీసి చూస్తే అడుగున రెండు చెంచాల నీళ్లు. బాటిలైతే కంటికి కనిపిస్తుంది, పొదుపుగా తాగుతాం. పైగా ఎండకు పైపులో నిలిచిన నీళ్లు వేడెక్కి, తొలి గుక్క టీకొట్టులో గ్లాసులు కడిగిన నీళ్లలా ఉంటుంది.

పిట్టల పిచ్చి: అన్నా, తాగిన ప్రతిసారీ పైపులోకి వెనక్కి ఊదు. నీళ్లు సంచిలోకి పోతాయి, పైపు ఖాళీగా ఉంటుంది, వేడెక్కేదేమీ ఉండదు. నాకు సంచే కావాలి. బండలు పట్టుకుని దిగేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. బరువు వీపుకు ఆనుకుని ఉంటుంది, పక్కకు లాగదు. ఇంకోటి, చప్పుడు. సగం నిండిన బాటిల్ అడుగడుగునా బుడబుడమంటుంటే ఏ పిట్ట నిలుస్తుంది? సంచి నింపాక తలకిందులుగా పట్టుకుని పైపుతో గాలి పీల్చేస్తే చప్పుడే ఉండదు. అమెరికాలో జింకల వేటకు పోయేవాళ్లలో చాలామంది దీన్ని మెచ్చుకునేది అందుకే. మనకు 1972 నాటి వన్యప్రాణుల రక్షణ చట్టం ఉంది, వేట మాటే లేదు, నాది కెమెరా వేట.

దీని పుట్టుక కూడా తమాషాగా ఉంటుంది. 1989లో టెక్సాస్‌లో మైకేల్ ఐడ్సన్ అనే ఆయన ఎండలో సైకిల్ రేసుకు పోతూ, సెలైన్ సంచిలో నీళ్లు నింపి, సాక్సులో దూర్చి, చొక్కా వెనక తగిలించుకున్నాడు. ఈ సంచులు చేసే క్యామెల్‌బ్యాక్ కంపెనీ అలా పుట్టింది.

పీలేరు మాస్టారు: మా తాత చిన్నప్పుడు అడవికి సొరబుర్రలో నీళ్లు తీసుకుపోయేవాడు. తొణక్కుండా మూతి దాకా నింపేవాడట. "సగం తాగాక చప్పుడవుతుంది కదా తాతా?" అంటే, "అందుకే సగం తాగేవాళ్లం కాదురా" అన్నాడు. మీరు మాత్రం అలా చేయకండి, దాహమైతే తాగండి.

గాంధీరోడ్డు: ఆ పౌర్ణమి నాడు జరిగే తీర్థ ముక్కోటికి దారిలో నీళ్లు, మజ్జిగ ఇస్తారు కదా సామీ, ఈ మోతంతా ఎందుకు?

మెట్లదారి: ఇచ్చే చోటికి చేరేదాకా గొంతు ఆగుతుందా? లీటరు నీళ్లంటే కిలో బరువు, అది ఒప్పుకుంటా. తలా రెండు లీటర్లయినా ఉండాలి. కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు కుదరవు, స్టీలువి పట్టుకెళ్లండి.

మందులషాపు: అందరూ కొనమనేవాళ్లే, కడగడం గురించి ఒక్కరూ చెప్పరు. తడి సంచిని మడిచి అటక మీద పడేస్తే నెలకు పైపు లోపల నల్లటి బూజు. వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో, పొడుగాటి బ్రష్షుతో కడగాలి. లోపల గరిటె నిలబెట్టి, సంచి గోడలు అంటుకోకుండా తలకిందులుగా వేలాడదీయాలి. అందులో నీళ్లు తప్ప ఏదీ పోయొద్దు. మజ్జిగ పోసిన మహానుభావుణ్ణి నేను చూశాను. ఆ పైపు వాసన గురించి అడగొద్దు. చెమటకు పోయే ఉప్పు కోసమైతే, లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు వేరే బాటిల్లో కలుపుకోండి. టీ చెంచా, తలగొట్టి.

పిట్టల పిచ్చి: ఇది సరైన మాట. నేనూ ఒక పైపు పారేశాను.

మెట్లదారి: సరే, సంచి కొంటే కొనండి. వెంట లీటరు బాటిల్ ఒకటి మూత తీయకుండా ఉంచండి. గుర్రుమన్నప్పుడు అది తెరవండి.

తిరుచానూరు కుర్రోడు: అయితే రెండు లీటర్ల సంచి, ఒక స్టీలు బాటిల్ అనుకున్నా. ఈలోగా మావాడు అడక్కుండానే మూడు లీటర్లది ఆర్డర్ పెట్టేశాడు. మోసేది వాడే కాబట్టి నాకేం అభ్యంతరం లేదు.