ఇంటికి ఇవ్వాలి, నాకూ కొంత మిగలాలి: నెలనెలా లెక్క ఎలా నిలబెట్టుకోవాలి?

ప్రశ్న: నెలాఖరు

మా కుటుంబంలో నెల తిరిగేసరికి కచ్చితంగా జీతం వచ్చే ఉద్యోగం నా ఒక్కరిదే కావడంతో, తల్లిదండ్రుల వైద్యం, తమ్ముడి చదువు, దగ్గరి బంధువుల ఇళ్లలో శుభకార్యాలు, మధ్యమధ్యలో ఎవరో ఒకరు అడిగే చేబదుళ్లు అన్నీ నా ఖాతా వైపే చూస్తాయి. ఇవ్వడం నాకు కష్టం కాదు; నన్ను చదివించడానికి మావాళ్లు ఏమేం వదులుకున్నారో నాకు తెలుసు. ఖర్చులు రాసుకునే యాప్ వాడుతున్నాను, తిండికీ ప్రయాణాలకూ పరిమితులు పెట్టుకున్నాను, సొంత ఖర్చులో దుబారా పెద్దగా లేదనే అనుకుంటున్నాను. అయినా నెల మధ్యలో ఇంటి నుంచి వచ్చే ఒక్క ఫోనుతో ఆ లెక్కంతా తలకిందులవుతుంది. మిగిలిన రోజులు క్రెడిట్ కార్డు మీద గడుస్తాయి, దాని బాకీలో కనీస మొత్తం మాత్రమే కట్టగలుగుతున్నాను.

పొదుపు గురించి చదివే సలహాలన్నీ ముందూ వెనకా ఎవరూ లేని మనిషి కోసం రాసినట్టు ఉంటాయి. కుదరదని చెప్పడం నేర్చుకోమని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అలా చెప్పలేని, చెప్పాలని కూడా లేని మనిషి, ఇంట్లో పేచీలు రాకుండా రోజువారీ డబ్బు అలవాట్లను ఎలా సరిదిద్దుకోవాలి?

జవాబు: జమాఖర్చు

లోపం మీ క్రమశిక్షణలో కంటే లెక్క కట్టిన తీరులోనే ఎక్కువగా ఉన్నట్టు నాకు అనిపిస్తోంది. తిండికీ ప్రయాణాలకూ పద్దులు ఉన్నాయి గానీ, బహుశా వాటికన్నా పెద్దదైన కుటుంబ సహాయానికి పద్దు లేదు. ప్రతి ఏటా వచ్చే ఖర్చు అనుకోని ఖర్చు ఎలా అవుతుంది? గడిచిన 12 నెలల బ్యాంకు లావాదేవీలు ముందు పెట్టుకుని, ఇంటికి పంపినవి, శుభకార్యాలకు పెట్టినవి, వాటికోసం చేసిన ప్రయాణాలు, తిరిగిరాని చేబదుళ్లు అన్నీ కూడి, వచ్చిన మొత్తాన్ని 12తో భాగించండి. ఆ అంకె చూడవలసి వస్తుందన్న భయంతోనే చాలామంది ఈ లెక్క జోలికి వెళ్లరు.

ఆ మొత్తాన్ని, లేదా మీరు నిజంగా మోయగలిగినంత మొత్తాన్ని, జీతం పడిన రోజునే వేరే ఖాతాలోకి మార్చేయండి. ఒక నెల ఎవరూ అడగకపోతే అది మీ ఖర్చులోకి తిరిగి రాకూడదు, వచ్చే నెలకు నిలవ ఉండాలి. ఎక్కడున్నా డబ్బు డబ్బే కదా, ఇంకో ఖాతా ఎందుకని అనిపించవచ్చు. అయితే ఏ డబ్బును దేనికని అనుకున్నామో దాన్నిబట్టే మనుషులు దాన్ని ఖర్చు చేస్తారని, 2017లో నోబెల్ బహుమతి అందుకున్న రిచర్డ్ థేలర్ వంటి ఆర్థికవేత్తలు ఏనాడో చూపించారు. కెన్యా గ్రామాల్లో జరిగి 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఆరోగ్య అవసరాల కోసమని తాళం ఉన్న మామూలు పెట్టె ఒకటి ఇచ్చినంత మాత్రాన పొదుపు పెరిగింది. అందులోనే ఇంకో సంగతి నాకు ముఖ్యంగా తోచింది: తాళంచెవి తమ చేతిలోనే ఉన్న పెట్టె ఉపయోగపడినంతగా, తాళంచెవి నిర్వాహకుల దగ్గర ఉన్న పెట్టె ఉపయోగపడలేదు, ఎందుకంటే అవసరానికి అందని చోట డబ్బు దాచడానికి జనం వెనకాడారు. కాబట్టి మీరూ ఉన్నదంతా ముందుగా తీయడానికి వీల్లేని దీర్ఘకాల డిపాజిట్లలో పెట్టకండి, అలా చేస్తే మళ్లీ కార్డు దగ్గరికే వెళ్లవలసి వస్తుంది.

కార్డు బాకీ సంగతి వాయిదా వేయవద్దు. నెలకు 3 శాతం వడ్డీ అంటే చిన్నదిగా వినిపిస్తుంది గానీ, వడ్డీ మీద వడ్డీతో అది ఏడాదికి సుమారు 42.6 శాతం అవుతుంది, ఏమీ కట్టకుండా వదిలేస్తే రెండేళ్లలో అసలు రెట్టింపు దాటుతుంది. కనీస మొత్తం కడుతున్నంత కాలం దానిలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. కొద్ది నెలలు పొదుపు ఆపి అయినా ముందు దాన్ని తీర్చడం మేలు, ఎందుకంటే ఆ వడ్డీని మించిన రాబడిని ఏ పొదుపు పథకమూ ఇవ్వదు.

జవాబు: పెద్దకోడలు

లెక్క విషయంలో పైన రాసినవారితో ఏకీభవిస్తాను. కానీ ఆ లెక్క మీ ఒక్కరికే తెలిసి ఉంటే ఫోన్లు రావడం ఆగదు. మీ దగ్గర ఎంత ఉందో ఇంట్లోవాళ్లకు తెలియదు, ఉంటుందన్న నమ్మకం మీద అడుగుతారు, మీరు ప్రతిసారీ ఎలాగో సర్దుతారు కాబట్టి ఆ నమ్మకం బలపడుతూ ఉంటుంది. మీరు కార్డు మీద తెచ్చి ఇస్తున్నారని వాళ్లకు తెలిసే అవకాశమే లేదు.

ఎవరూ ఏమీ అడగని ఒక రోజు చూసుకుని అమ్మానాన్నలతో కూర్చోండి. అడిగిన రోజున చెప్పే పరిమితి వాళ్లకు సాకులా వినిపిస్తుంది. ప్రతి నెలా ఇంటి ఖర్చుకు ఇంత పంపుతానని, శుభకార్యాలకూ కానుకలకూ ఏడాది మొత్తానికి ఇంత వేరుగా ఉంచుతానని చెప్పి, ఆ రెండో మొత్తంలో ఎవరికి ఎంత పెట్టాలో నిర్ణయించే పనిని వాళ్లకే అప్పగించండి. దీనివల్ల వచ్చే మార్పు చిన్నదేమీ కాదు. ఇప్పటివరకు వాళ్లు అడిగేవాళ్లు, మీరు బిగించేవాళ్లు. ఇకమీద ఆ పరిమితిని కాపాడే పెద్దరికం వాళ్లదే అవుతుంది, ఒక బంధువుకు ఎక్కువ పెడితే మరొకరికి తగ్గుతుందన్న సంగతి మీరు చెప్పకుండానే వాళ్లకు కనిపిస్తుంది. నలుగురిలో మాట పడకూడదన్న బెంగ మీకన్నా వాళ్లకే ఎక్కువ కాబట్టి, ఆ బెంగను మోసేవాళ్ల చేతిలోనే నిర్ణయం ఉండటం న్యాయం కూడా.

తమ్ముడి చదువు దీనితో కలపకండి. దానికి ముగింపు తేదీ ఉంది. అది ఎప్పుడో అందరికీ తెలిసేలా చెప్పండి, లేకపోతే ఆ సహాయం చదువయ్యాక ఇంకో పేరుతో కొనసాగుతుంది. చేబదుళ్ల విషయానికి వస్తే, తిరిగి రాకపోయినా ఆ మనిషితో మునుపటిలాగే మాట్లాడగలిగినంత మాత్రమే ఇవ్వండి. ఆసుపత్రి అవసరం తప్ప మరి దేనికీ ఫోనులోనే మాట ఇవ్వకుండా, మర్నాడు చెబుతానంటే ఎవరూ తప్పు పట్టరు.

జవాబు: గోడచాటు

పై ఇద్దరూ మాట వినే కుటుంబాన్ని మనసులో పెట్టుకుని రాశారు. అన్ని ఇళ్లూ అలా ఉండవు. కొన్నిచోట్ల అంకె చెప్పడమంటే, ఇకమీద దానికి తక్కువ ఇవ్వనని రాసిచ్చినట్టే. ఇది కేవలం నా అనుమానం కాదు. పమేలా జాకియెలా, ఓవెన్ ఓజియర్ కెన్యా గ్రామాల్లో చేసి 2016లో ప్రచురించిన ప్రయోగంలో, బంధువులు అక్కడే ఉన్నప్పుడు, తమకు వచ్చిన మొత్తం వాళ్లకు తెలియకుండా ఉండటానికి స్త్రీలు తమ రాబడిని తగ్గించుకోవడానికి సిద్ధపడ్డారు. తెలిస్తే అడుగుతారన్న భయం మనిషి చేత నష్టానికి కూడా ఒప్పిస్తుందన్నమాట.

జీవిత భాగస్వామికి తెలియకుండా దాచమని నేను చెప్పను. ఇద్దరూ కలిసి మోసే బాధ్యతలకు ఇద్దరికీ లెక్క తెలియాలి. కానీ మీ పొదుపు ఎంతో బంధువర్గం మొత్తానికి తెలియవలసిన అవసరం లేదు, చెప్పకపోవడం అబద్ధమాడటమూ కాదు. చీటీలకు ఇంత ఆదరణ ఉండటానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం: నెలకు ఇంత కట్టాలని నలుగురికి మాట ఇచ్చి ఉన్నప్పుడు, అడిగినవారితో ఆ మాటే చెప్పవచ్చు. అయితే నడిపేవారి నిజాయితీ మీదే అది ఆధారపడుతుంది కనుక, చట్టబద్ధంగా నమోదైనది కాకపోతే దాని జోలికి వెళ్లవద్దు.

జీతం పెరిగినప్పుడు ఆ పెంపులో సగం అదే నెల నుంచి నేరుగా పొదుపులోకి వెళ్లేలా ముందే ఏర్పాటు చేసుకోండి. థేలర్, ష్లోమో బెనార్ట్జీ రూపొందించిన పథకంలో ఇలా ముందుగానే ఒప్పుకున్న ఉద్యోగుల సగటు పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి పెరిగింది. చేతికి రాని డబ్బును మీరూ లెక్కలోకి తీసుకోరు, ఇంకొకరూ తీసుకోరు.

నెలాఖరు

అందరికీ కృతజ్ఞతలు. శుభకార్యాల మొత్తాన్ని అమ్మకు అప్పగించడమన్న ఆలోచన నాకు తట్టనే లేదు, ఈ నెలలోనే మాట్లాడతాను. జీతం ఎంతో మాత్రం ప్రస్తుతానికి చెప్పను, పంపగలిగింది ఎంతో చెబుతాను. ఇంకొక్కటి అడగాలి. బాబాయి కొడుకు తీసుకోబోయే అప్పుకు నన్ను హామీ సంతకం పెట్టమని నాన్న అడుగుతున్నారు. నా చేతి నుంచి పైసా పోయేది కాదు కనుక దీనికి ఒప్పుకుంటే మిగతా విషయాల్లో వెసులుబాటు దొరుకుతుందని ఆశ పడుతున్నాను.

జమాఖర్చు

సంతకం పెట్టేముందు ఒప్పందాన్ని పూర్తిగా చదవండి. తీసుకున్నవాడు కట్టకపోతే మొత్తం బాకీ హామీదారు నుంచి రాబట్టుకునే హక్కు సాధారణంగా అప్పిచ్చినవారికి ఉంటుంది, ఆ ఆలస్యం మీ రుణ చరిత్రలోకీ ఎక్కవచ్చు, రేపు మీ ఇంటి అప్పుకు దరఖాస్తు చేసుకుంటే ఈ హామీని కూడా మీ బాధ్యతగానే లెక్కపెట్టవచ్చు. కార్డు బాకీ ఉన్న మనిషి ఇంకొకరి అప్పుకు పూచీ పడటం నా దృష్టిలో సరికాదు. నాన్నగారికి మీ కార్డు స్టేట్‌మెంటు చూపించి, నా బాకీ తీరేవరకు ఎవరికీ సంతకం పెట్టను అని చెప్పండి. బాబాయి కొడుక్కు సాయం చేయాలనే ఉంటే, కుటుంబ ఖాతాలో నిలవ ఉన్నదానిలోంచి కొంత మొత్తం ఇచ్చేయండి, తిరిగి రాకపోయినా మీ నష్టం అంతటితో ఆగుతుంది.